ఎఫ్‌ఐఆర్‌లో ఒక వాక్యం, స్టేషన్ ఆవరణలో ఒక సైకిల్

ప్రమాద పరిహారం కేసులు వాదించే లాయర్ని. సైకిల్‌ని కారు గుద్దిన కేసు ఫైలు చేతికొస్తే నేను ముందు వెతికేది ఒకే మాట: "సడన్‌గా". ఎక్కడో ఒకచోట అది ఉండే ఉంటుంది. ఎఫ్‌ఐఆర్‌లో లేకపోతే డ్రైవర్ స్టేట్‌మెంట్‌లో, అక్కడా లేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ వేసే కౌంటర్‌లో. "సైకిల్ మీద వెళ్తున్న వ్యక్తి సడన్‌గా కుడివైపు తిరగడంతో..." అని మొదలవుతుంది. ఇక్కడ రాస్తున్న కేసులో ఆ మాట మా సొంత ఫిర్యాదులోనే ఉంది. చనిపోయిన మనిషి బావమరిది సంతకం చేసిన ఫిర్యాదులో.

పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

2022 డిసెంబర్. పాత గుంటూరు జిల్లాలో, సముద్రం వైపు వెళ్లే రెండు లేన్ల తారు రోడ్డు. తెల్లవారుజామున ఆరింటికి ఇంకా పది నిమిషాలు ఉంది. చలికాలం కాబట్టి పూర్తిగా వెలుతురు రాలేదు. నలభై ఆరేళ్ల తాపీ మేస్త్రి సైకిల్ మీద పక్క ఊళ్లో పనికి బయలుదేరాడు. క్యారేజీ మీద సంచీలో తాపీ, మట్టపు గొట్టం, అన్నం బాక్సు. కొంత దూరం పోయాక కుడివైపు డొంకలోకి తిరగాలి. వెనక నుంచి వచ్చిన కారు గుద్దింది. కారు ఓనరే నడుపుతున్నాడు, ఇన్సూరెన్స్ ఉంది, లైసెన్సు ఉంది. మేస్త్రిని గుంటూరు తీసుకెళ్లారు, రెండో రోజు చనిపోయాడు. ముందు ఐపీసీ 338 (తీవ్ర గాయం) కింద కట్టిన కేసును 304ఎ (నిర్లక్ష్యం వల్ల మరణం) కి మార్చారు. అప్పటికి ఇంకా భారతీయ న్యాయ సంహిత రాలేదు. ఇప్పుడైతే ఇదే కేసు 106(1) కింద నడుస్తుంది, గరిష్ఠ శిక్ష కూడా రెండేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది.

కుటుంబం నా దగ్గరికి వచ్చింది ఐదో నెలలో. అప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం కోసం క్లెయిమ్ పిటిషన్ వేయాలన్న గడువు మళ్లీ మోటార్ వాహనాల చట్టంలోకి వచ్చింది, 166వ సెక్షన్ మూడో సబ్ సెక్షన్‌లో. మధ్యలో చాలా ఏళ్లు అసలు గడువే లేకపోవడంతో పల్లెల్లో ఇంకా "కర్మకాండలు, సంవత్సరీకం అయ్యాక చూద్దాంలే" అనే ధోరణి ఉంది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయినా నా క్లయింటు పిటిషన్‌ని ఆ వివాదం మీద పందెం కాయలేను కదా. వారం రోజుల్లో కాగితాలు తెప్పించి వేసేశాను.

వేసేముందు ఒక చిన్న చర్చ జరిగింది. బావమరిది ఎక్కడో విని వచ్చాడు. "సార్, తప్పెవరిదని నిరూపించకుండానే ఐదు లక్షలు వస్తాయంట కదా. అది తీసేసుకుని గొడవ వదిలేద్దాం" అన్నాడు. తప్పు మాట కాదది. 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, డ్రైవర్ నిర్లక్ష్యం నిరూపించనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్‌లో "సడన్‌గా తిరిగాడు" అని ఉన్నప్పుడు ఆ దారి ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. కానీ 164 కింద సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుని డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో రద్దయిపోతుంది. ఇంట్లో భార్య, కాలేజీకెళ్లే కొడుకు, మైనర్ కూతురు, ముసలి తల్లి. ఐదు లక్షలు ఆ నలుగురికీ ఎన్నాళ్లొస్తాయి? "సైకిల్ ఎక్కడుంది?" అని అడిగాను. "స్టేషన్లోనే ఉంది సార్, ఎవరికి కావాలి అది?" అన్నాడు. "అది చూశాక చెప్తాను" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రమాదం జరిగాక మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూసి రిపోర్టు ఇస్తాడు. బ్రేకులు బాగున్నాయా, ఎక్కడెక్కడ డ్యామేజీ ఉంది అని. పేరులోనే ఉంది, ఆయన చూసేది మోటార్ బండిని. సైకిల్ మోటార్ వాహనం కాదు. దాన్ని ఎవరూ చూడరు, దానికి రిపోర్టు ఉండదు. పంచనామాలో ఒక లైను ఉంటుంది: "సైకిలు పూర్తిగా డ్యామేజీ అయి ఉన్నది." అంతే. అసలు ఏ వైపు నుంచి దెబ్బ తగిలిందో చెప్పగల ఏకైక వస్తువు స్టేషన్ ప్రహరీ పక్కన, పట్టుబడ్డ ఆటోల వెనక, వానకు తడిసి తుప్పు పడుతూ ఉంటుంది.

వెళ్లి చూశాను. పాతకాలపు నల్ల సైకిల్, రాడ్డు ఉన్నది. వెనక చక్రం నిలువునా మడతపడి ఎనిమిది అంకెలా ఉంది. క్యారేజీ వెనక నుంచి ముందుకు నెట్టుకొచ్చి సీటు కిందకి దూరిపోయింది. వెనక మడ్‌గార్డు కాగితంలా నలిగింది. కానీ ముందు చక్రం తిరుగుతోంది. చేత్తో తిప్పితే తిరిగింది. హ్యాండిల్ తిన్నగానే ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా కుడివైపు చైన్ కవరు మీద ఒక్క సొట్ట లేదు. పెడల్ వంగలేదు.

చైన్ ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. మనం ఎడమ అంచున పోతూ కుడికి తిరిగామనుకోండి. వెనక నుంచి వచ్చే కారుకి అప్పుడు ఎదురుపడేది సైకిల్ కుడి పక్క. అంటే చైన్ కవరు, కుడి పెడల్, మనిషి కుడి కాలు. నిజంగా అడ్డంగా తిరుగుతున్న సైకిల్‌ని కారు గుద్దితే ముందు అవే నలగాలి. ఇక్కడ అవి చెక్కు చెదరలేదు. దెబ్బంతా తోక మీద. తిన్నగా పోతున్న సైకిల్‌కి వెనక నుంచి తగిలిన దెబ్బ అది.

అక్కడే ఫోన్‌తో ఫొటోలు తీశాను. కొలత తెలియడానికి చక్రం పక్కన నా పెన్ను పెట్టాను. ఇంకా మంచిగా చేయాల్సింది అని తర్వాత అనిపించింది. ఫొటోగ్రాఫర్‌ని తీసుకెళ్లి సర్టిఫికెట్‌తో సహా తీయించి ఉంటే, తర్వాత ఇన్సూరెన్స్ లాయర్ గారికి ఆ ఫొటోల మీద అభ్యంతరం చెప్పే అవకాశం ఉండేది కాదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ సమ్మరీ పద్ధతిలో, అంటే సాక్ష్యం రూల్స్‌ని మరీ కఠినంగా పట్టుకోకుండా విచారిస్తుంది కాబట్టి మా ఫొటోలు బతికిపోయాయి. సీడీ ఫైల్లో, అంటే కేస్ డైరీలో, పోలీసులు ప్రమాదం రోజు తీసిన రెండు ఫొటోలు కూడా మా వాటితో సరిపోయాయి.

తర్వాత కారు రిపోర్టు, రఫ్ స్కెచ్ పక్కపక్కన పెట్టుకున్నాను. కారుకి ఎడమ హెడ్‌లైటు పగిలింది, బంపర్ ఎడమ మూల లోపలికి పోయింది, బానెట్ ఎడమ అంచు సొట్ట, అద్దం ఎడమవైపు పగుళ్లు. మెకానికల్ లోపం లేదు. స్కెచ్‌లో గాజుముక్కలు, రక్తం పడిన చోటు రోడ్డు ఎడమ అంచుకి దగ్గరగా ఉంది. మేస్త్రి తిరగాల్సిన డొంక అక్కడి నుంచి ఇంకా 25 మీటర్ల ముందుంది. 25 మీటర్ల ముందే ఎవడూ కుడికి తిరగడు. బ్రేకు గుర్తుల గురించి స్కెచ్‌లో ఏమీ లేదు. నా జూనియర్ దాన్ని పట్టుకున్నాడు, "బ్రేకే వేయలేదు సార్, వాదిద్దాం" అని. వద్దన్నాను. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉన్న కార్లు గట్టిగా బ్రేకు కొట్టినా రోడ్డు మీద నల్లటి చారలు పడకపోవచ్చు. నిలబడని పాయింటు ఒకటి వాదిస్తే నిలబడే మూడింటి విలువ కూడా తగ్గుతుంది.

మిగిలింది మా ఫిర్యాదు. "సడన్‌గా కుడివైపు తిరగడంతో కారు తగిలి" అని మా వాళ్లే రాసిచ్చారు. దీన్ని ఏం చేయాలి? కొత్త లాయర్లు కొందరు ఎఫ్‌ఐఆర్‌ని మార్క్ చేసి, అంటే సాక్ష్యంగా రికార్డులోకి ఎక్కించి, మనకు కావాల్సిన ప్రమాదం తేదీ, కారు నంబరు వాడుకుని, మిగతాది నిరూపణ కాలేదంటారు. అది కుదరదు. ప్రేమలతా శుక్లా కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది. ఒక డాక్యుమెంటులో ఒక భాగాన్ని సాక్ష్యంగా వాడుకున్నవాళ్లు రెండో భాగం నిరూపణ కాలేదని అనలేరు. పోనీ మార్క్ చేయకుండా వదిలేద్దామంటే, ఇన్సూరెన్స్ వాళ్లు తమ వైపు డాక్యుమెంటుగా, బి-1 గా మార్క్ చేస్తారు. అప్పుడు మనం దాచామన్నట్టు ఉంటుంది.

కాబట్టి మేమే ఎ-1 గా మార్క్ చేసి, రాసిచ్చిన బావమరిదిని మా వైపు రెండో సాక్షిగా, పీడబ్ల్యూ-2 గా బోనెక్కించాం. ఏం జరిగిందో జరిగినట్టు చెప్పమన్నాను. ఆయన ప్రమాదం చూడలేదు. కబురందాక వచ్చాడు. అప్పటికే అక్కడ కారాయన ఉన్నాడు, నలుగురికీ ఏం జరిగిందో ఆయనే చెబుతున్నాడు. మేస్త్రి స్పృహలో లేడు. అంబులెన్స్ వెళ్లిపోయింది. ఈయన స్టేషన్‌కి పోతే రైటర్ రాశాడు, ఈయన సంతకం పెట్టాడు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్, స్టాండింగ్ కౌన్సిల్ గారు వదల్లేదు.

"మీకు చదవడం వచ్చా?"

"వచ్చండీ. పదో క్లాసు."

"చదివే సంతకం పెట్టారా?"

కాసేపు మౌనం. నాకు గుండె జారింది. తర్వాత అన్నాడు: "చదివానో లేదో గుర్తులేదండీ. మా బావ బతికే ఉన్నాడప్పుడు. అంబులెన్స్ ముందెళ్లిపోయింది. దాని వెనక పోవాలి నేను."

నేను ఇంకే ప్రశ్నా అడగలేదు. అంతకన్నా బాగా నేను చెప్పించలేను.

చూసిన సాక్షి ఒకడున్నాడు. పాల కేంద్రం దగ్గర క్యాన్లు దించుతున్న మనిషి. ఛార్జిషీటులో ఆయన పేరుంది. కానీ క్రిమినల్ కేసు విచారణకొచ్చిన రోజు ఆయన ఊళ్లో లేడు, ప్రాసిక్యూషన్ ఆయన్ని వదిలేసుకుంది. కేసు కొట్టేశారు. ఆ తీర్పు కాపీ ఇన్సూరెన్స్ వాళ్లు ట్రిబ్యునల్‌లో దాఖలు చేశారు. దీనికి మాత్రం నేను పెద్దగా భయపడలేదు. క్రిమినల్ కోర్టులో కావాల్సింది సందేహానికి తావులేని రుజువు. ట్రిబ్యునల్‌లో రెండు కథల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గది అన్నదే చూస్తారు. క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం పోదని ఎన్.కె.వి. బ్రదర్స్ కేసు నుంచీ, అంటే 1980 నుంచీ ఉన్న మాటే.

పాల కేంద్రం మనిషి మంచి సాక్షి. ఎందుకంటే మాకు అనుకూలంగా మాత్రమే చెప్పలేదు. సైకిల్ అంచునే, తెల్ల గీత బయటే వెళ్తోందన్నాడు. ఎదురుగా ఒక లారీ ఫుల్ లైట్లతో వచ్చిందన్నాడు. కారు ఎడమకి ఒరిగిందన్నాడు. తర్వాత క్రాస్‌లో అడిగారు.

"సైకిల్‌కి లైటుందా?"

"లేదు సార్."

"వెనక ఎర్ర బిళ్ల, రిఫ్లెక్టర్?"

"లేదు. ఆయన సైకిల్‌కి ఎప్పుడూ లేదు. రోజూ చూస్తాంగా."

ఆ జవాబు మాకు ఎంత నష్టం చేసిందో కింద లెక్కల్లో చూస్తారు. కానీ ఆ జవాబు వల్లే మిగతా జవాబుల్ని జడ్జి గారు నమ్మారని నా నమ్మకం. ముందు రోజు ఆఫీసులో ఆయన నన్ను అడిగాడు, "లైటు సంగతి అడిగితే ఏం చెప్పమంటారు?" అని. "ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి" అన్నాను. నా గుమస్తాకి ఇప్పటికీ ఆ విషయంలో నా మీద కోపం.

పీడబ్ల్యూ-4 సైకిల్ షాపు మేస్త్రీ. ముప్ఫై ఏళ్లుగా పంక్చర్లు వేస్తూ, చక్రాలు సరిచేస్తూ బతుకుతున్నవాడు. ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లి సైకిల్ చూపించాను, తర్వాత బోనెక్కించాను. "ఈయన నిపుణుడేంటి, ఈయనకేం డిగ్రీ ఉంది" అని అవతలి నుంచి అభ్యంతరం. సాక్ష్య చట్టం అడిగేది ఆ పనిలో ప్రత్యేకమైన నేర్పు, సర్టిఫికెట్ కాదు అన్నాను. జడ్జి గారు అభ్యంతరం రాసుకుని వాంగ్మూలం కూడా రాసుకున్నారు. ఆయన చెప్పింది రెండు వాక్యాలు: "పక్క నుంచి తగిలితే పుల్లలు పక్కకి లాగేసి రిమ్ము గిన్నెలా అవుద్ది, పెడల్ వంగుద్ది. ఇది వెనకమాల నుంచి కుమ్మిన దెబ్బ, క్యారేజీ సీటు కిందకొచ్చింది చూడండి." స్టాండింగ్ కౌన్సిల్ గారు దాన్ని గట్టిగా కదిలించలేకపోయారు. "కింద పడ్డాక లారీ ఎక్కి ఉండొచ్చు కదా?" అని అడిగారు. "లారీ ఎక్కితే ముందు చక్రం ఇట్టా తిరగదండీ" అన్నాడు.

కేసు మలుపు తిరిగింది మాత్రం కారు నడిపినాయన బోనెక్కినప్పుడు. సాధారణంగా ఇలాంటి కేసుల్లో డ్రైవర్ని తీసుకురారు. రాకపోతే, తెలిసిన మనిషి ఎందుకు రాలేదని మేం వాదించుకుంటాం. ఈయన వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదగా మాట్లాడతాడు. చీఫ్ అఫిడవిట్‌లో, అంటే ముందే రాసిచ్చిన వాంగ్మూలంలో ఉన్నది: అరవై స్పీడులో వెళ్తున్నాను, సైకిల్ మనిషి చెయ్యి చూపించకుండా సడన్‌గా కుడికి తిరిగాడు, తప్పించలేకపోయాను. నేను తొందరపడలేదు. ముందు లారీ గురించి అడిగాను.

"ఎదురుగా లారీ వచ్చింది కదండీ?"

"వచ్చింది. డిమ్ చేయలేదు. కళ్లు చెదిరాయి."

"అప్పుడు మీరేం చేశారు?"

"ఎడమకి తీసుకున్నాను."

"సైకిల్ మీకు ఎంత దూరంలో ఉండగా కనిపించింది?"

"దగ్గరికొచ్చాకే కనిపించింది. పది, పదిహేను అడుగులు."

"అంతకుముందు కనిపించలేదా?"

"లైటు లేదు కదండీ దానికి. ఎలా కనిపిస్తుంది?"

తనకి బలమనుకుని ఇచ్చిన జవాబు అది. నేను అడిగాను: "అరవై స్పీడు అంటే సెకనుకి పదహారు మీటర్ల పైన. పదిహేను అడుగులంటే సెకనులో మూడో వంతు కూడా లేదు. ఆ లోపలే ఆయన తిన్నగా వెళ్లడం, చెయ్యి చూపకపోవడం, కుడికి తిరగడం మూడూ చూశారా?"

జవాబు రాలేదు. కాసేపటికి "తిరిగే ఉంటాడనుకున్నాను" అన్నారు. ఆయన వాంగ్మూలంలో ఆ మాట అలాగే రాయించాను.

నిజం చెప్పాలంటే ఆయన అబద్ధమాడాడని నేననుకోను. చీకట్లో కళ్లు చెదిరిన మనిషికి ఒక్కసారిగా బానెట్ మీద మనిషి కనిపిస్తే మనసు తనంతట తానే కథ కట్టుకుంటుంది. నేను చూడలేదు అంటే నా తప్పు. వాడు అడ్డం వచ్చాడు అంటే వాడి తప్పు. రెండోది సులువు. ఆ కథే మొదటి గంటలో రోడ్డు మీద నలుగురికీ చెప్పాడు, అది రైటర్ దాకా వెళ్లింది, అక్కణ్నుంచి ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కింది. కళ్లు చెదిరినప్పుడు చేయాల్సింది స్పీడు తగ్గించడం. ముందు ఎంత దూరం కనిపిస్తే అంత దూరంలో ఆగగలిగే వేగంలోనే నడపాలి. ఆయన తగ్గించకుండా, ఏముందో కనిపించని ఎడమ అంచులోకి కారు తోశాడు. ఆ అంచు సైకిళ్లు, నడిచేవాళ్లు ఉండే చోటు. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు కూడా పాదచారులు, సైకిళ్ల మీద వెళ్లేవాళ్ల విషయంలో డ్రైవర్ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలంటాయి.

ఇన్సూరెన్స్ వాదన అక్కడితో రూటు మార్చింది. తిరగలేదు సరే, లైటు లేదు కదా, అంచేత సగం తప్పు ఆయనదే అన్నారు. యాభై శాతం అడిగారు.

ఉభయుల నిర్లక్ష్యం గురించి చాలామందికి ఉండే అపోహ ఒకటుంది. రూలు తప్పితే చాలు, అంత మేర కోత పడుతుందని. కాదు. ఆ రూలు తప్పడం వల్ల ప్రమాదం జరిగిందా అన్నదే ప్రశ్న. లైసెన్సు లేనంత మాత్రాన తప్పులో వాటా రాదని సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లో, బండి మీద ముగ్గురు ఎక్కినంత మాత్రాన వాటా రాదని మహమ్మద్ సిద్దిఖీ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా వాటా ఉందని నిరూపించే భారం అలా అన్నవాళ్ల మీదే.

వాళ్లు ఆధారపడింది లక్ష్మణ్ అయ్యర్ కేసు మీద. 2003 తీర్పు. బొంబాయిలో సైకిల్ మీద వెళ్తున్న కుర్రాడిని బస్సు గుద్దింది. కుర్రాడు ట్రాఫిక్ రూలు తప్పాడు, అయినా బస్సు డ్రైవర్ జాగ్రత్తపడి ఉంటే తప్పించగలిగేవాడని తేలింది. చివరికి కుర్రాడి వాటా 25 శాతం అని సుప్రీంకోర్టు కోత పెట్టింది. సైకిల్ కేసుల్లో అవతలి లాయర్లందరూ మొదట తీసే తీర్పు ఇదే. నేనూ దాన్నే చదివాను, ఇంకో పేరా. అవతలివాడి పొరపాటు ఉన్నా, మామూలు జాగ్రత్తతో దాన్ని తప్పించగలిగే స్థితిలో ఎవరున్నారు అన్నదే కీలకం అని ఆ తీర్పులోనే ఉంది. మేస్త్రికి వెనక కళ్లు లేవు. తప్పించగలిగిన మనిషి ఒక్కడే, స్టీరింగ్ పట్టుకున్నవాడు.

ఈ గొడవంతా లేని దేశాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్ రోడ్డు చట్టంలో 185వ ఆర్టికల్ ప్రకారం సైకిల్‌ని కారు గుద్దితే మొదట కారు ఓనరే బాధ్యుడు. సైకిల్ మీద ఉన్నది పద్నాలుగేళ్ల లోపు పిల్లలైతే దాదాపు పూర్తి నష్టం కారు వైపే. పెద్దవాళ్లైతే తప్పు వాళ్లదున్నా కనీసం సగం వస్తుంది. ఫ్రాన్స్‌లో 1985 నాటి చట్టం సైకిల్ మీద వెళ్లేవాళ్లకీ, నడిచేవాళ్లకీ గాయాల పరిహారం కోత లేకుండా ఇస్తుంది, క్షమించరాని తప్పు ఒక్కటే కారణమైతే తప్ప. బరువైన యంత్రాన్ని రోడ్డు మీదికి తెచ్చినవాడు రిస్కు మొయ్యాలన్నది వాళ్ల లెక్క. మన 164 కూడా ఆ ఆలోచనే, కాకపోతే ఐదు లక్షల దగ్గర ఆగిపోయింది. అంతకు మించి కావాలంటే మన దగ్గర తప్పు నిరూపించాల్సిందే. అందుకే సీటు కిందకి దూరిన క్యారేజీ కోసం నేను స్టేషన్ల చుట్టూ తిరుగుతుంటాను.

2025లో అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. ప్రమాదానికి కారణం కారు నడిపినాయన నిర్లక్ష్యమే. సైకిల్ కుడికి తిరగలేదు. ఎఫ్‌ఐఆర్‌లో ఆ వాక్యం రాయించిన మనిషి ప్రమాదం చూడలేదు, కారు డ్యామేజీ, సైకిల్ డ్యామేజీ, స్కెచ్ మూడూ ఆ వాక్యానికి విరుద్ధంగా ఉన్నాయి. ఇంతవరకూ మేం అడిగిందే. తర్వాతి పేరా: తెల్లవారక ముందు, రోడ్డు మీద లైటు గానీ రిఫ్లెక్టర్ గానీ లేని సైకిల్ నడపడం ప్రమాదానికి కొంత దోహదపడింది, కాబట్టి మృతుడి వాటా 20 శాతం.

లెక్క ఇలా వచ్చింది. తాపీ మేస్త్రికి నెలకి ఇరవై వేల పైన వస్తుందని మేం చెప్పాం, కాగితం ఏదీ లేదు. ట్రిబ్యునల్ 12,000 తీసుకుంది. నలభై, యాభై మధ్య వయసు, సొంతంగా పని చేసుకునేవాడు కాబట్టి సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్ ఆదాయం కింద 25 శాతం కలిపితే 15,000. ఆధారపడ్డవాళ్లు నలుగురు, అంచేత సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 11,250. ఏడాదికి 1,35,000. నలభై ఆరేళ్లకి సరళా వర్మ తీర్పు పట్టికలో మల్టిప్లయర్ (ఏడాది మొత్తాన్ని గుణించే అంకె) 13, అంటే 17,55,000. నలుగురికీ కన్సార్షియం, అంటే మనిషి తోడు కోల్పోయినందుకు, ఒక్కొక్కరికి 48,400 చొప్పున 1,93,600. అంత్యక్రియలకు, ఆస్తి (ఎస్టేట్) నష్టానికి కలిపి 36,300. మొత్తం 19,84,900. అందులో 20 శాతం, 3,96,980 పోగా చేతికొచ్చేది 15,87,920, పిటిషన్ వేసిన నాటి నుంచి 7.5 శాతం వడ్డీతో.

ఆ 20 శాతం మీద హైకోర్టుకి అప్పీలు వేయొచ్చా? వేయొచ్చు. నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. కళ్లు చెదిరినవాడికి రిఫ్లెక్టర్ మాత్రం ఏం కనిపిస్తుంది అన్నది మా వాదన, బలమైన వాదనే. కానీ లారీ రాకముందు, కారు లైట్లు ముందుకు పడుతున్న ఆ కొద్ది సెకన్లలో ఒక ఎర్ర బిళ్ల మెరిసి ఉంటే, అంచున ఏదో ఉందని ఆయనకి తెలిసేది. అప్పుడు ఎడమకి తీసేవాడు కాదేమో. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. సైకిల్ షాపు మేస్త్రీ ఒకసారి ఆఫీసులో టీ తాగుతూ అన్నాడు, "ఇరవై రూపాయల బిళ్ల సార్ అది. ఎన్నిసార్లు చెప్పానో, నవ్వేవాడు" అని. అదృష్టం, ఆ మాట బోనులో రాలేదు.

కుటుంబానికి ఇదంతా చెప్పాను. అప్పీలంటే ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేనన్నాను. కంపెనీ వాళ్లు కూడా వేస్తారేమో చూద్దామని గడువు దాటేదాకా ఆగాం. వాళ్లు వేయలేదు, డబ్బు డిపాజిట్ చేశారు. కూతురి వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకులో ఎఫ్‌డీగా ఉంటుంది. తల్లి వాటా, భార్య వాటా, కొడుకు వాటా తీసుకోవడానికి చెక్ పిటిషన్ రాస్తున్నాం. భార్య ఎదురుగా కూర్చుంది. అవార్డు కాపీలో 3,96,980 అని ఉన్న చోట వేలు పెట్టింది.

"ఈ డబ్బులు ఎవరికి పోతాయి సార్?"

"ఎవరికీ పోవమ్మా. కంపెనీ దగ్గరే ఉండిపోతాయి."

"కారాయనకి కాదు కదా?"

"కాదమ్మా."

తలూపి, సంచీలోంచి పాస్‌బుక్కు జెరాక్స్ తీసిచ్చింది. మూడు చోట్ల సంతకం పెట్టాలని చూపించాను.